కుప్పం హారన్

ఆటో మళ్ళీ ఆగింది.

ముందు టమోటా క్రేట్ల లారీ. దాని ముందు ఇంకో లారీ. పక్కన ట్రాక్టరు. ఉన్న కాస్త సందుల్లో మోటార్‌సైకిళ్ళు. సీజన్ వచ్చిందంటే మదనపల్లె టమోటా మండీ ముందు పొద్దున పూట ఇంతే. లారీలు లోపలికి పోలేవు, బయటికి రాలేవు. మధ్యలో బడి ఆటోలు ఇరుక్కుంటాయి.

"శీనన్నా, బిన్నా పోనీ అన్నా! బెల్లు కొట్టేస్తారు!" వెనక సీట్లోంచి అంజి అరిచాడు.

"పోతాం లేప్పా. లారీ మీద ఎక్కించి పోవల్లనా?" అన్నాడు శ్రీనివాసులు.

"మన ఆటోకు పేరు పెట్టినా. నత్త ఆటో!"

వెనకున్న పిల్లలందరూ పగలబడి నవ్వారు. శ్రీనివాసులు కూడా నవ్వాడు. "నత్త కూడా బడికి చేరతాది లేప్పా."

ఝాన్సీ నవ్వలేదు. ఆమె నాయన పక్కనే, డ్రైవరు సీటుకు ఎడమ అంచున కూర్చుని ఉంది. ఆరో తరగతిలోకి వచ్చినప్పటినుంచి అది ఆమె చోటు. పిల్లల నవ్వు వినగానే ఆమె చెవులు వేడెక్కాయి. నాయన కూడా వాళ్ళతో కలిసి నవ్వడం ఇంకా కష్టంగా అనిపించింది.

నాయన అందరికీ ఆటో ఆపుతాడు. రోడ్డు దాటే ముసలమ్మకు ఆపుతాడు. తోపుడు బండికి ఆపుతాడు. కుక్క అడ్డం వస్తే దానికీ ఆపుతాడు. "పోమ్మా, పో" అని చెయ్యి ఊపుతాడు. వెనకనుంచి ఎవరైనా హారన్ కొట్టినా, తిట్టినా తల తిప్పడు.

నాయనకు భయం అనుకుంది ఝాన్సీ. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ అది ఎప్పుడో ఆమె మనసులోకి వచ్చి ఒక మూల కూర్చుంది. ఆమెకు నాయనంటే చాలా ఇష్టం. అంత ఇష్టమైన మనిషిని చూసి సిగ్గు ఎందుకేస్తుందో ఆమెకు తెలియలేదు. తెలియని దానికి మందు ఒకటే దొరికింది. కోపం.

ఎండాకాలం సెలవుల్లో ఆమె కుప్పంలో మునస్వామి మామ ఇంటికి వెళ్ళింది. మామకు కూరగాయలు తోలే వ్యాను ఉంది. దానికి పెద్ద హారన్. మామ దాన్ని నొక్కితే ముందున్న వాళ్ళు ఉలిక్కిపడి పక్కకు దూకేవాళ్ళు. "సూడు పాపా, దావ ఎవురూ ఇయ్యరు. మనమే తీసుకోవల్ల" అనేవాడు మామ. వ్యానులో ఎత్తుగా కూర్చుని, అందరూ పక్కకు తప్పుకుంటుంటే చూడటం ఝాన్సీకి ఎంత బాగుండేదో!

తిరిగి వచ్చేటప్పుడు మామ అలాంటి హారనే ఒకటి ఇచ్చాడు. ఝాన్సీ పోరు పడలేక నాయన దాన్ని ఆటోకు బిగించాడు. ఎర్ర బటన్ ఆమె మోకాలి దగ్గర పెట్టాడు.

"నేను చెప్పినప్పుడే నొక్కల్ల. సరేనా?" అన్నాడు.

కానీ నాయన చెప్పడే! మూల మలుపుల్లో ఎప్పుడో ఒకసారి "ఊ, కొట్టు పాపా" అనేవాడు. ఇలాంటి చోట ఎప్పుడూ అనలేదు.

ముందున్న లారీ కదిలింది. చోటు దొరికింది. కానీ ఆటో ముందున్న మోపెడ్ కదలలేదు. దాన్ని తోలే తాత రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, తల వెనక్కి తిప్పి ఏదో అడుగుతున్నాడు. వెనక ఒక అవ్వ పక్కకు తిరిగి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో దుప్పటి మూట. ఆ మూటను రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

ఈలోగా పక్కనుంచి ఇంకో ఆటో దూరి, ఆ చోటు పట్టేసింది.

"పాయ! అదీ పాయ!" అంజి నెత్తి కొట్టుకున్నాడు. "ఝాన్సీ, నొక్కు! నీ కుప్పం హారన్ ఎందుకుండేది? నొక్కు!"

"నొక్కు! నొక్కు!" పిల్లలంతా పాట అందుకున్నారు.

"గమ్మునుండండప్పా. ముసిలోళ్ళు. వాళ్ళే పోతారు" అన్నాడు నాయన.

ముందు మళ్ళీ చోటు దొరికింది. తాత మళ్ళీ కదలలేదు.

ఝాన్సీ బటన్ నొక్కింది. బలమంతా పెట్టి, వేలు తియ్యకుండా నొక్కింది. తల బయటికి పెట్టి అరిచింది.

"ఓ తాతా! దావ ఇయ్యి! రోడ్డు నీ ఒక్కడిదేనా?"

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. మామ గొంతులా ఉంది.

అవ్వ ఒడిలోని మూట ఎగిరింది.

దుప్పటిలోంచి ముందు రెండు సన్నని కాళ్ళు వచ్చాయి. తర్వాత తెల్లటి తల. పుంగనూరు దూడ! పెద్దదైనా పిల్లల నడుముకు మించి పెరగని జాతి అది. ఈ దూడ అయితే కుక్కపిల్ల కంటే కొంచెమే పెద్దది. అది అవ్వ గుండెల మీద తన్ని, కింద పడి, లేచింది. అవ్వ దాన్ని పట్టుకోబోయి పక్కకు ఒరిగింది. మోపెడ్ ఒరిగింది. తాత పడ్డాడు. దూడ లారీ కిందుగా దూరి అవతలికి పోయింది. తర్వాత కనిపించలేదు.

హారన్ ఇంకా మోగుతోంది. ఝాన్సీ వేలు బటన్ మీదే ఉంది. నాయన ఆ వేలును మెల్లగా తీశాడు. తర్వాత ఆటో దిగి పరుగెత్తాడు.

క్షణంలో జనం పోగయ్యారు. నాయన తాతను లేపాడు. ఆయన పేరు ఓబులప్ప. ఆయన భార్య సిద్ధమ్మ. ఆమె మోకాలు చీరుకుని రక్తం కారుతోంది. ఆమె దాన్ని చూసుకోలేదు.

"నా పెయ్య! నా పెయ్య యాడికి పాయ? పుంగనూరు కాణ్ణించి ఒళ్ళో పెట్టుకొని తెచ్చినానే! అంగళ్ళు ఊర్లో నా కూతురికి బిడ్డ పుట్టింది. మనవరాలికి పెయ్యనిస్తానని మాటిచ్చిండానే!"

క్రేట్లు మోసే హమాలీ ఒకాయన నాయన చొక్కా పట్టుకున్నాడు. "ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకొని తోల్తాండావు? బడి పిల్లోళ్ళను ఎక్కించుకొని ఇట్లనా? ముసిలామె సెవిలో లారీ హారన్ కొడతావా?"

"ఈ ఆటోవోళ్ళంతా ఇంతే" అన్నారు ఇంకెవరో.

నాయన తల తిప్పి ఝాన్సీ వైపు చూశాడు.

ఒక్క క్షణమే. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టు ఉంది. ఏం అడుగుతున్నాడో ఝాన్సీకి తెలుసు. జవాబు కూడా తెలుసు. నేనే కొట్టాను. చిన్న మాట. అది గొంతు దాకా వచ్చింది. అక్కడ జనాన్ని చూసి ఆగిపోయింది.

ఝాన్సీ తల వంచి తన బూట్లు చూసుకుంది.

"నాదే తప్పప్పా" అన్నాడు నాయన. "తప్పయిపాయ. నాదే తప్పమ్మా." సిద్ధమ్మ ముందు చేతులు జోడించాడు.

"తప్పంటే వస్తాదా నా పెయ్య?" సిద్ధమ్మ అరిచింది. "నీ బిడ్డను ఇట్ల నడి రోడ్లో పోగొట్టుకుంటే తెలుస్తాది నీకు!"

నాయన చేతులు అలాగే ఉన్నాయి. ఆయన ఒక అడుగు పక్కకు జరిగాడంతే. ఇప్పుడు సిద్ధమ్మకు, ఝాన్సీకి మధ్య ఆయన వీపు ఉంది. వాన జల్లుకు గొడుగు అడ్డం పెట్టినట్టు ఆ మాటకు ఆయన తన వీపు అడ్డం పెట్టాడు. అది ఝాన్సీ ఒక్కతే చూసింది.

*

తెలిసిన ఇంకో ఆటో ఆయన పిల్లల్ని బడి దగ్గర దించాడు. నాయన దూడను వెతకడానికి అక్కడే ఉండిపోయాడు.

"ఇంత ఆలస్యమా?" అని అడిగారు ఎలిజబెత్ టీచర్.

అంజి అందరికంటే ముందు అందుకున్నాడు. "మేడం! ఝాన్సీ వాళ్ళ నాయన పెద్ద హారన్ కొట్టి ముసిలోళ్ళను పడేసినాడు మేడం! దూడ పారిపాయ!"

క్లాసు నవ్వింది. అంజి అబద్ధం చెప్పలేదు. అరుపులు, తోపులాటల్లో వెనక సీటు నుంచి వాడికి బటన్ కనిపించలేదు; నాయన "నాదే తప్పు" అనడం మాత్రం వినిపించింది, అదే చెప్పాడు. బటన్ మీద ఎవరి వేలు ఉందో చూసింది ఒక్కడే. సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడిన ఎరిక్. మిషన్ కాంపౌండులో ఉంటాడు. తక్కువ మాట్లాడతాడు.

ఇప్పుడు వాడు చెప్పేస్తాడు అనుకుంది ఝాన్సీ. ఎరిక్ స్కేలు పెట్టి పేజీకి మార్జిను గీస్తున్నాడు. గీత అయిపోయింది. తల ఎత్తలేదు.

"నవ్వకండి" అన్నారు టీచర్. ఝాన్సీ దగ్గరికి వచ్చి తల నిమిరారు. "పెద్దవాళ్ళు కూడా ఒక్కోసారి తొందరపడతారమ్మా. దానికి నువ్వు సిగ్గుపడకూడదు. నువ్వేం చేశావు?"

ఝాన్సీకి ఏడుపు వచ్చింది. టీచర్ ఇంకా మెత్తగా నిమిరారు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉంటే ఝాన్సీకి అంత బరువుగా అనిపించింది. అది తనకు రావలసినది కాదు. తనకు రావలసిన తిట్లు అక్కడ, రోడ్డు మీద, నాయన తింటున్నాడు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆమె వరండా చివరికి వెళ్ళింది. అక్కడ విరిగిన బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గోడకు, బెంచీలకు మధ్య ఒక మనిషి పట్టే సందు. ఝాన్సీ అందులో దూరి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అక్కడ చల్లగా, చీకటిగా ఉంది. ఎవరికీ కనిపించకుండా ఉండటం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

కాసేపటికి సందు ముందు రెండు కాళ్ళు ఆగాయి.

"నీ టిఫిన్ బాక్సు" అన్నాడు ఎరిక్. వంగి లోపలికి జరిపాడు. పిలవలేదు, బయటికి రమ్మనలేదు. గోడకు ఆనుకుని తన బాక్సు తెరుచుకున్నాడు.

చాలాసేపటికి ఝాన్సీ అడిగింది. "నువ్వు చూసినావు కదా?"

"ఊ."

"మేడంకు యాల చెప్పలా?"

ఎరిక్ నమిలేది ఆపాడు. "నేను యాల చెప్పల్ల? నువ్వే చెప్తావని సూస్తాండా."

వాడు దెప్పిపొడవలేదు. మామూలుగా అన్నాడు. అందుకే ఆ మాట సాయంత్రం దాకా ఆమె చెవుల్లో ఉండిపోయింది.

*

సాయంత్రం నాయన వచ్చాడు. ముఖం నిండా దుమ్ము. పొద్దున ఆ హమాలీ పట్టుకున్న చోట చొక్కాకు గుండీ లేదు.

"శీనన్నా, దూడ దొరికిందా?" అంజి.

"ఇంగా లేదప్పా. ఎవురో మండీలో సూసినారంట. పట్టుకోబోతే చేతికి రాలేదంట."

"పెద్ద హారన్ కొట్టు. భయపడి అదే బయటికొస్తాది!"

ఎవరూ నవ్వలేదు. ఎరిక్ ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

పిల్లలందరినీ దించాక ఆటోలో నాయన, ఝాన్సీ మిగిలారు. ఇప్పుడు తిడతాడు అనుకుంది ఆమె. తిడితే బాగుండు. తిట్టు పడితే లెక్క సరిపోయినట్టు ఉంటుంది.

"ఆకలేస్తాందా పాపా?" అన్నాడు నాయన. "మీయమ్మ బొరుగులు పెట్టింటాది."

"నాయనా, ఇంటికొద్దు. మండీకి పోదాం."

నాయన ఆమె ముఖం చూశాడు. మారు మాట్లాడకుండా ఆటో తిప్పాడు.

మండీలో పొద్దుటి గోల లేదు. వేలాలు అయిపోయాయి. నేలంతా చితికిన టమోటాల ఎరుపు. ఖాళీ క్రేట్లను గోడల్లా పేర్చి ఉంచారు. నీలం గోడలు, ఎర్ర గోడలు. గేటు పక్కన బోర్లించిన క్రేటు మీద సిద్ధమ్మ కూర్చుని ఉంది. మోకాలికి గుడ్డ కట్టు. ఒడిలో ఖాళీ దుప్పటి. పొద్దున మూటను పట్టుకున్నట్టే దాన్ని ఇప్పటికీ పొదివి పట్టుకుని ఉంది.

ఆమె నాయనను చూసి ముఖం తిప్పుకుంది.

ఓబులప్ప అటు పక్కనుంచి వచ్చాడు. గొంతు పిలిచి పిలిచి బొంగురుపోయింది. "కనపడింది, కనపడింది అంటారు. సప్పట్లు కొట్టుకుంటా ఎంట పడతారు. అది ఇంగా లోపలికి దూరిపోతాది. ఏం సేస్తామప్పా?"

ఝాన్సీ క్రేట్ల గోడల వైపు చూసింది. ఒక గోడకు, ఇంకో గోడకు మధ్య సన్నని సందులు. లోపల చీకటి.

ఆమెకు బెంచీల వెనక చల్లదనం గుర్తొచ్చింది. అక్కడ ఉన్నంతసేపు ఆమె ఏం కోరుకుంది? ఎవరూ గట్టిగా పిలవకూడదని.

మనుషుల అడుగుల చప్పుడు లేని వైపుకు ఆమె నడిచింది. మొదటి సందులో ఏమీ లేదు. రెండో దాంట్లో పిల్లి. గోడ మూలకు దగ్గరగా ఉన్న సందులోకి వంగి చూసింది. చీకట్లో తెల్లగా నాలుగు సన్నని కాళ్ళు కనిపించాయి.

ఆమె నోరు తెరుచుకుంది. "నాయనా, దొరికింది!" అన్న అరుపు నాలుక చివర ఉంది. ఆమె నోరు మూసుకుంది.

మెల్లగా నేల మీద కూర్చుంది. టమోటా రసం స్కర్టుకు అంటుకుంది. కూర్చునే ఉంది.

దూడ కదలలేదు. ఆమెనే చూస్తోంది. మూతి చుట్టూ ఎర్రగా టమోటా మరక. బయట రోడ్డు మీద ఏదో లారీ హారన్ కొట్టింది. దూడ చర్మం మెడ నుంచి తోక దాకా ఒక్కసారి వణికింది. గాలికి నీళ్ళు వణికినట్టు.

పొద్దున కూడా ఇలాగే వణికి ఉంటుంది. దుప్పటి లోపల. ఎవరికీ కనిపించకుండా.

ఝాన్సీ కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోవాలన్నా చెయ్యి కదపాలి. కదపలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఏ చోట్లో దూరాలని లేదు, ఎక్కడికీ పోవాలని లేదు. ఇంతసేపు దేనికోసమైనా ఊరికే కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

దూడ ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు. మెడ చాచి ఆమె స్కూలు బ్యాగును వాసన చూసింది. వెచ్చని ఊపిరి ఆమె చేతికి తగిలింది.

సందు చివర నాయన నీడ కనిపించింది. ఆయన చూశాడు. వెనక వస్తున్న వాళ్ళను చేత్తో ఆపాడు. పొద్దున ఆటోలో పిల్లల్ని "గమ్మునుండండి" అని ఆపినట్టే. తర్వాత చప్పుడు లేకుండా వెళ్ళి సిద్ధమ్మను తీసుకొచ్చాడు.

"బుజ్జీ... దా తల్లీ... దా..." సిద్ధమ్మ నాలుకతో చిన్నగా చప్పుడు చేసింది. దూడ చెవులు నిక్కబొడుచుకున్నాయి. కుంటుకుంటూ వచ్చిన అవ్వ పట్టుకున్న దుప్పటిలోకి అది తనంతట తానే తల పెట్టింది.

సిద్ధమ్మ దాని నుదురు, కాళ్ళు, కడుపు తడిమి తడిమి చూసింది. తర్వాత ఝాన్సీ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులకు దూడ వాసన ఉంది.

"నా తల్లే! ఎంత నిదానం నీకు! అంతమంది మొగోళ్ళు పట్టలేకపాయిరి. నువ్వు సల్లంగుండల్ల." నాయన వైపు ఒక చూపు విసిరింది. "బిడ్డకుండే బుద్ధి తండ్రికి లేకపాయ."

నాయన తల వంచుకుని దుప్పటి కొనను దూడ కాళ్ళ కిందికి సర్దుతున్నాడు.

ఆయన చొక్కాకు గుండీ ఊడిన చోట దారం వేలాడుతోంది. ఝాన్సీ దాన్నే చూసింది.

"అవ్వా."

"ఏం తల్లీ?"

"హారన్ కొట్టింది నేను." మళ్ళీ చెప్పింది. "కొట్టింది నేను అవ్వా. మా నాయన కాదు. నాయన వద్దనె. నేనే కొట్టినా. తాతను తిట్టింది కూడా నేనే."

మాట బయటికి వచ్చాక హాయిగా ఉంటుందనుకుంది. ఉండలేదు. సిద్ధమ్మ చేతులు ఆమె ముఖం మీదనుంచి జారాయి. ఆ చేతులు ఉన్న చోట చల్లగా అయింది. ఓబులప్ప తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు.

చివరికి సిద్ధమ్మ నాయనను అడిగింది. "యాలప్పా నువ్వు సెప్పలా? అంతమందిలో అన్ని మాటలు పడితివే!"

"హారన్ నా ఆటోదే కదమ్మా" అన్నాడు నాయన. "బిగించిందీ నేనే."

సిద్ధమ్మ ఝాన్సీ వైపు తిరిగింది. ఆమె కళ్ళలో ఇప్పుడు కోపం లేదు. ఇంకేదో ఉంది. అది ఝాన్సీ పొద్దుటి నుంచి మోస్తున్నదే. పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

"పొద్దున నా నోట్లోంచి ఒక మాట వచ్చిండాది పాపా" అంది సిద్ధమ్మ మెల్లగా. "బిడ్డను గురించి. యినింటావు నువ్వు. దాన్ని యాడ పెట్టుకోవల్ల నేను?"



సిద్ధమ్మ దుప్పటి మూట ఎత్తి ఝాన్సీ చేతుల్లో పెట్టింది. "పట్టుకో. నాకు మోకాలు నొప్పి. అంగళ్ళు దాకా మీ ఆటోలోనే వస్తాం."

*

అంగళ్ళు దారిలో కాలేజీ బస్సులు, ఇళ్ళకు వెళ్ళే మోటార్‌సైకిళ్ళు. సాయంత్రం రద్దీ. ఓబులప్ప మోపెడ్ మీద వెనకే వస్తున్నాడు. సిద్ధమ్మ వెనక సీట్లో కాలు చాపుకుంది. ఝాన్సీ తన చోటులోనే కూర్చుంది. ఒడిలో దూడ.

ఆమె అరచేతి కింద దూడ గుండె కొట్టుకుంటోంది. పక్కనుంచి బస్సు హారన్ వేసింది. గుండె గబగబా కొట్టుకుంది. మళ్ళీ మెల్లగా సర్దుకుంది. మోటార్‌సైకిల్ కీచుమంది. మళ్ళీ గబగబా. రోజూ వినే చప్పుళ్ళే. రోజూ ఈ దారిలో ఉండేవే. ఝాన్సీ వాటిని చేత్తో వినడం ఇదే మొదటిసారి.

"నాయనా" అంది మెల్లగా. "వెనక ఎంతమంది హారన్ కొట్టినా నువ్వు తొందరపడవు. భయమా నీకు?"

నాయన పక్కకు జరిగి ఒక బస్సుకు దారి ఇచ్చాడు. "భయమే పాపా" అన్నాడు. "ముందర పొయ్యేవాళ్ళ ఒళ్ళో ఏముండాదో మనకు కనపడదు కదా."

*

మరుసటి రోజు పొద్దున ఝాన్సీ ఆటో ఎక్కి మొదట మోకాలి దగ్గర చూసింది. నాయన తీసేసి ఉంటాడు అనుకుంది. ఎర్ర బటన్ ఉన్నచోటే ఉంది. తీసేసి ఉంటే తేలికగా ఉండేది.

అంజి ఎక్కుతూనే మొదలుపెట్టాడు. "శీనన్నా, ఈ రోజు ఎవురి దూడను తరుముతావు?"

నాయన నవ్వాడు. ఎరిక్ ఎప్పటిలాగే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఝాన్సీ వెనక్కి తిరిగింది. "తరిమింది మా నాయన కాదు. నేను. నేనే నొక్కినా."

అంజి నోరు తెరిచి ఆమెను, బటన్‌ను, మళ్ళీ ఆమెను చూశాడు. "నువ్వా?"

"నేనే."

"మేడంతో నిన్న..."

"ఈ రోజు చెప్తా."

వాడు ఇంకేదో అనబోయి, "అయితే నేనే కదా నొక్కు నొక్కు అనింది" అని గొణిగి కూర్చున్నాడు. ఎరిక్ కొంచెం జరిగి, ఝాన్సీ బ్యాగు అందుకుని తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

మండీ ముందు ఆటో ఆగింది. ముందు లారీ. లారీ వెనక సైకిలు మీద ఒక తాత. క్యారియరుకు కట్టిన క్రేటు ఒరిగి, టమోటాలు రోడ్డు మీద దొర్లాయి. ఆయన సైకిలును ఒక తొడకు ఆనించుకుని, ఒంటి చేత్తో తాడు బిగించాలని తంటాలు పడుతున్నాడు.

నాయన ఆటో ఆపాడు. ముందు చోటు దొరికింది. పోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"నొక్..." అన్నాడు అంజి. తనే నోరు మూసుకున్నాడు.

ఎడమ పక్క సందులోంచి ఒక మోటార్‌సైకిల్ దూసుకు వస్తోంది. ఇంకొంచెం వస్తే సైకిలాయన మీదికే. ఝాన్సీ ఎడమ చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి నిలువుగా పెట్టింది.

బైకు కీచుమని ఆగింది. "ఏమ్మే! రోడ్డు మీ నాయనదా?"

వెనక ఆటోలోంచి కూడా ఎవరో ఏదో అరిచారు. జనం చూస్తున్నారు. ఝాన్సీ చెవులు వేడెక్కాయి. నిన్నటిలాగే, ఎప్పటిలాగే.

"ఒక్క నిమిషం అన్నా" అంది. "తాత క్రేటు కట్టుకుంటాండాడు."

ఆమె చెవులు ఇంకా కాలుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం దించలేదు.